జడ్జిగారి మెమో మీద ఎవరికి చెప్పుకోవాలి?

2016 ఫిబ్రవరిలో తమిళనాడు ఈరోడ్ జిల్లా సత్యమంగళంలో ఒక సబ్ జడ్జి తన కోర్టు ఆఫీసు అసిస్టెంటుకు మెమో ఇచ్చారు. తన ఇంట్లో లోదుస్తులు సరిగా ఉతకలేదనీ, అసహ్యించుకుంటూ విసిరేసిందనీ అందులో రాశారు. క్రమశిక్షణ చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పమన్నారు. ఆమె దళిత మహిళ. ఇకమీదట ఇలాంటి తప్పు జరగదని, చర్య తీసుకోవద్దని జవాబు రాసిచ్చింది. ఆ కాగితాలు పత్రికల్లోకి వచ్చాక న్యాయశాఖ ఉద్యోగుల సంఘం హైకోర్టుకు ఫిర్యాదు చేసింది.

ఇంటి చాకిరీ చేయించుకోవడం కొత్తేమీ కాదు. బంగళాలూ అటెండర్లూ ఉన్న ప్రతి శాఖలోనూ ఆ జబ్బు ఉంది. విస్తుగొలిపేది, దాన్ని దాచుకోవాలని కూడా అనిపించకపోవడం. సంతకం పెట్టి మరీ ఇచ్చారంటే, అది తన హక్కేనని నమ్మారన్నమాట.

కోర్టుకు వచ్చేవాళ్లకు జడ్జి ప్రవర్తన మీద అభ్యంతరం ఉంటే ఏదో ఒక దారి కనిపిస్తుంది. లాయరు వెనక బార్ అసోసియేషన్ ఉంటుంది. కక్షిదారు తన కేసును మరో కోర్టుకు మార్చమని పిటిషన్ వేసుకుంటాడు. బెంచ్ క్లర్కు, స్టెనో, అటెండరు మాత్రం మర్నాడు పదిన్నరకల్లా మళ్లీ అదే జడ్జి ముందు నిలబడాలి. సెలవు ఆయనే ఇవ్వాలి, పనితీరు నివేదిక ఆయనే రాయాలి. నిండు కోర్టులో ఫైలు విసిరికొట్టినా, నోటికొచ్చినట్టు తిట్టినా చాలామంది తల వంచుకుని ఊరుకునేది అందుకే.

దీనికి తోడు ఇంకో భయం: జడ్జి మీద నోరెత్తితే కోర్టు ధిక్కారం కింద జైల్లో వేస్తారని. ఇది తప్పు. 1971 నాటి కోర్టు ధిక్కార చట్టంలోని 6వ సెక్షన్ చదివితే విషయం తేటపడుతుంది. కింది కోర్టు జడ్జి మీద సదుద్దేశంతో హైకోర్టుకు ఫిర్యాదు చేస్తే అది ధిక్కారం కాదు. ఫిర్యాదు చేయాల్సిన చోటికి చేయడం వేరు, ఊరంతా కరపత్రాలు పంచడం వేరు. చట్టం కాపు కాసేది మొదటిదాన్ని.

న్యాయవ్యవస్థ స్వతంత్రత మాటేమిటని కొందరు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఓడిపోయిన ప్రతి కక్షిదారూ జడ్జిని కోర్టుకు ఈడ్చగలిగితే ఎవరూ ధైర్యంగా తీర్పు రాయలేరు. అందుకే 1850 నుంచీ న్యాయాధికారుల రక్షణ చట్టం ఉంది, 1985లో జడ్జీల రక్షణ చట్టం వచ్చింది. అయితే ఇవి అండగా ఉండేది న్యాయ విధుల్లో భాగంగా చేసిన పనులకు. బట్టలు ఉతకలేదని ఇచ్చిన మెమో ఏ కేసులో తీర్పు? స్టెనోను బూతులు తిట్టడం ఏ విచారణలో భాగం? ఈ రెంటినీ కలగాపులగం చేసి, సిబ్బంది గోడును కూడా న్యాయవ్యవస్థ మీద దాడిగా చూపించడం నా దృష్టిలో స్వతంత్రతకు చేసే చేటు. 2002లో ఖరారైన బెంగళూరు న్యాయ ప్రవర్తనా సూత్రాలు కూడా, జడ్జి తన అధికారిక విధుల్లో ఎవరితో వ్యవహరించినా ఓర్పుగా, హుందాగా, మర్యాదగా ఉండాలనే చెబుతున్నాయి.

పై కోర్టుల సంగతి మరింత చిక్కు. హైకోర్టు, సుప్రీంకోర్టు న్యాయమూర్తులను తొలగించాలంటే పార్లమెంటు ఉభయసభల్లో మూడింట రెండొంతుల ఆధిక్యం కావాలి. నోటీసు ఇవ్వడానికే లోక్‌సభలోనైతే 100 మంది, రాజ్యసభలోనైతే 50 మంది సంతకాలు ఉండాలి. ఈ దారి చివరిదాకా నడిచి ఇంతవరకూ ఒక్క న్యాయమూర్తినీ తొలగించలేదు. అంత దూరం పోనక్కర్లేని వ్యవహారాల కోసం సుప్రీంకోర్టు 1999లో అంతర్గత విచారణ పద్ధతిని ఆమోదించింది. అందులో న్యాయమూర్తుల మీద న్యాయమూర్తులే విచారణ జరుపుతారు.

ఆ అంతర్గత విచారణ ఎలా ఉంటుందో 2019లో దేశమంతా చూసింది. అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి తనను లైంగికంగా వేధించారని సుప్రీంకోర్టు మాజీ ఉద్యోగిని ఒకరు ఏప్రిల్‌లో 22 మంది న్యాయమూర్తులకు ప్రమాణపత్రం పంపారు. ఆయన ఆరోపణను ఖండించారు. ముగ్గురు న్యాయమూర్తుల కమిటీ కూర్చుంది. లాయరును వెంట తెచ్చుకోనివ్వడం లేదని, విచారణను రికార్డు చేయడం లేదని చెప్పి ఆమె మధ్యలోనే బయటకు వచ్చేశారు. ఆరోపణల్లో పస లేదని మే నెలలో కమిటీ తేల్చింది. నివేదికను బయటపెట్టలేదు. 2020 జనవరిలో ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకున్నారు. నిజం ఎటుందో బయటివాళ్లం చెప్పలేం. కానీ నివేదిక మూసి ఉన్నంతకాలం ఆరోపించిన మనిషికి గానీ, ఆరోపణ ఎదుర్కొన్న మనిషికి గానీ పూర్తి న్యాయం దక్కిందని జనం నమ్మరు.

జిల్లా కోర్టుల్లో దారి ఇంతకంటే సులువు. రాజ్యాంగం 235వ అధికరణ కింది కోర్టుల మీద అదుపును హైకోర్టుకు అప్పగించింది. అంటే ఆంధ్రప్రదేశ్‌లోనైనా తెలంగాణలోనైనా జూనియర్ సివిల్ జడ్జి మీద క్రమశిక్షణ చర్య కలెక్టరు చేతిలోనో మంత్రి చేతిలోనో ఉండదు. ఫిర్యాదు చేరాల్సింది హైకోర్టుకే. ముందు గుట్టుగా ఆరా తీస్తారు. ఆధారం కనిపిస్తే అభియోగాలు ఇచ్చి, జడ్జికి జవాబు చెప్పుకునే అవకాశమిచ్చి విచారిస్తారు. మందలింపు నుంచి ఉద్యోగం పోవడం దాకా ఏదైనా జరగవచ్చు.

ఫిర్యాదు మాత్రం ఆకాశరామన్న ఉత్తరం కాకూడదు. ప్రమాణపత్రం, సరిచూసుకోదగ్గ ఆధారం లేకుండా కింది కోర్టుల జడ్జీల మీద ఫిర్యాదులు తీసుకోవద్దని 2014లో భారత ప్రధాన న్యాయమూర్తి హైకోర్టులకు సూచించారు. కక్షతో చేసే ఫిర్యాదులకు అది అడ్డుకట్ట. కానీ పేరు పెట్టి ప్రమాణం చేయడమంటే అటెండరుకు ఎంత కష్టమో అందులో లెక్కలోకి రాలేదు. అందుకే తేదీ, సమయం, అప్పుడు గదిలో ఎవరున్నారు అన్నవి ఆ రోజే రాసి పెట్టుకోవాలి, మెమో నకలు ఇంట్లో ఉంచుకోవాలి. ఉద్యోగుల సంఘం ద్వారా వెళ్తే ఒంటరిగా దొరికిపోయే భయం కొంత తగ్గుతుంది. లైంగిక వేధింపైతే, పనిచోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ప్రకారం మూడు నెలల్లోపు ఫిర్యాదుల కమిటీకి రాసివ్వాలి. తగిన కారణం చూపితే మరో మూడు నెలలు గడువు పెంచవచ్చు. ‘బదిలీ అయ్యాక చూద్దాంలే’ అని ఆగితే ఆ గడువు కాస్తా దాటిపోతుంది.