పలుకని బొమ్మ ఇంజను

బొమ్మరైళ్లను గూర్చి పెద్దలతో ప్రసంగించుట యేమని మీరు నవ్వవచ్చును. అయ్యలారా, నేనెఱిగిన బొమ్మరైళ్ల యజమానులలో పిల్లలు తక్కువ, పింఛను పుచ్చుకొనువారు ఎక్కువ. పైగా నేటి బొమ్మ ఇంజనులు పెక్కు మేకపోతు ధరకు మించి పలుకుచున్నవి. అట్టిది కదలకున్నంతనే చెడిపోయినదని మూల పడవేయుట చూచినప్పుడెల్ల నాకు మనసు నొచ్చును. అందు పెక్కింటికి జబ్బేమియు లేదు.

పూర్వపు పద్ధతిలో పట్టాలలోని విద్యుత్తును హెచ్చించిన ఇంజను వడిగా పోవును, తగ్గించిన మెల్లగా పోవును. ఒకే దారిపై రెండింజనులున్నచో రెండును కదలును. క్రొత్త పద్ధతికి డి.సి.సి. యని పేరు. జర్మనీలోని లెంజ్ సంస్థ కల్పించిన విధానము నాధారముగా గొని, అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ 1994లో దీనికి ప్రమాణము లేర్పఱచినది. ఇందు పట్టాలలో విద్యుత్తు ఎల్లప్పుడు నిండుగానే యుండును. మనము పేటిక మీటలు నొక్కి యిచ్చు ఆజ్ఞలు దానితోనే సంకేతములుగా ప్రవహించును. ప్రతి ఇంజను కడుపులోను చిన్న డీకోడరు ఒకటి యుండి, ఆ సంకేతములను విని మోటారును నడుపును. ఊరిలో దండోరా వేసినప్పుడు అందఱును విందురు గాని, పేరు పిలువబడినవాడే చావడికి పోవును గదా! అట్లే ప్రతి డీకోడరునకు ఒక సంఖ్య కలదు. ఆ సంఖ్య వినబడినప్పుడే అది మేలుకొనును.

డీకోడరు జ్ఞాపకమంతయు చిన్న చిన్న గళ్లు. వానిని సి.వి. లందురు. ఒక్కొక్క గడిలో 0 మొదలు 255 వఱకు ఏ యంకెనైన వ్రాయవచ్చును. మొదటి గడిలోనిది ఇంజను సంఖ్య. క్రొత్తదానిలో అది 3. ఈ యంకెలను మార్చుటకే ప్రోగ్రామింగు అని పేరు. దీనికై వేఱుగా నొక పట్టాముక్కను ఉంచి, అందులోనికి కొద్దిపాటి కరెంటునే పంపుదురు. తీగలు తప్పుగా కలిపియున్నను డీకోడరు కాలిపోకుండుటకే యీ జాగ్రత్త.

చిక్కంతయు నిచ్చటనే పుట్టుచున్నది. అంకె వ్రాయగానే పేటిక జవాబు లేదని చూపును. యజమాని డీకోడరు చచ్చినదనుకొనును. కాని జవాబు చెప్పుటకు దానికి నోరున్నదా? ఆ పట్టాముక్కపై అది చేయగలిగిన దొక్కటే: సెకనులో వెయ్యవ వంతులు ఆఱింటిపాటు మోటారును తట్టి, కనీసము 60 మిల్లీయాంపియర్ల కరెంటును అదనముగా లాగును. ఆ లాగుటను కనిపెట్టి పేటిక ‘ఔను’ అని గ్రహించును. ఇంజను ఉలికిపడినట్లు రవంత కదలుట మీరును చూడవచ్చును. గడిలోని అంకెను చదువవలెనన్నను, పేటిక ప్రశ్న వెంట ప్రశ్న వేసి యీ ఔనులను కూర్చుకొనవలసినదే. ఒక్క ఔను తప్పిపోయినను చదువు చెడును.

కావున ముందుగా చూడవలసినది డీకోడరును గాదు, జవాబు వచ్చు దారిని. చక్రములకు మురికి పట్టినదా? మెత్తని గుడ్డను ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపి చక్రములను, పట్టాలను తుడువుడు. గరుకు కాగితముతో రుద్దితిరా, ఆ గీతలలో మురికి మఱింత చేరును. మోటారు తీగ ఊడినదా? ఊడినచో డీకోడరు వినును గాని ఉలికిపడజాలదు. ధ్వనులు చేయు ఇంజనులలో కరెంటును దాచుకొను కెపాసిటర్లుండును. అవి మొదటనే గటగట త్రాగుటచే పేటిక బెదరి కరెంటును ఆపివేయుటయు కలదు. మఱియొక మాట. జవాబు రాకున్నను వ్రాత పడియుండవచ్చును. ఇంజనును ప్రధాన మార్గముపై పెట్టి, క్రొత్త సంఖ్యతో నొకసారి, పాత సంఖ్యతో నొకసారి పిలిచి చూడుడు.

జవాబు చక్కగా వచ్చుచు ఇంజను కదలనిచో అది వేఱు కథ. నా మిత్రుడొకరు వాడిన ఇంజనును కొనిరి. గళ్లన్నియు చదువబడుచున్నవి, బండి మాత్రము కదలదు. ఆయన పైకప్పు విప్పి, టంకము కరగించి తీగలను ఊడదీయుటకు సిద్ధపడిరి. నేను 19వ గడిని చదివించితిని. అందు 5 ఉన్నది. రెండు మూడు ఇంజనులను జోడించి ఒకే రైలును లాగించునప్పుడు ఆ జట్టు సంఖ్యను అచ్చట వ్రాయుదురు. అది యున్నంతవఱకు సొంత సంఖ్యతో ఎంత పిలిచినను ఇంజను పరుగెత్తదు. పాత యజమాని జట్టు విడదీయుట మఱచినాడు కాబోలు! అచ్చట 0 వ్రాయగానే ఇంజను బయలుదేఱినది.

127కు మించిన సంఖ్య పెట్టినప్పుడు 29వ గడిని చూడుడు. 1234 అను సంఖ్యకు 17వ గడిలో 196, 18వ గడిలో 210 వ్రాయవలెను. కాని 29వ గడిలోని అంకెకు 32 కలుపనిచో డీకోడరు ఆ రెండు గళ్ల వంక చూడనే చూడదు. అక్కడ 6 ఉన్నచో 38 వ్రాయుడు.

ఏదియు పాఱనప్పుడు కడపటి మందొకటి యున్నది. పెక్కు కంపెనీల డీకోడర్లలో 8వ గడిలో 8 వ్రాసినచో గళ్లన్నియు తొలినాటి స్థితికి వచ్చును. కష్టపడి కుదుర్చుకొనిన వేగము, దీపములు, ధ్వనుల అంకెలన్నియు తుడిచిపెట్టుకొని పోవును. కావున చదువబడుచున్న గళ్లను ముందే చిట్టాలో ఎక్కించుకొనుడు. పిమ్మట ఇంజనును పాత సంఖ్యతో గాక, 3తో పిలువవలెను.