మీకు తెలుసా? గిటారు గొంతంతా ఒక్క నట్టు చేతిలో!

పల్నాడులో ఎలక్ట్రిక్ గిటారు ఇప్పుడు వింత వస్తువేం కాదు. ఆదివారం చర్చి క్వయర్లో, కాలేజీ వార్షికోత్సవంలో, ఆర్కెస్ట్రా పార్టీల్లో కనబడుతూనే ఉంటుంది. ఎక్కువగా చవక రకమే. వీటికి కొన్న కొన్నాళ్లకే వచ్చే జబ్బు కూడా ఒకటే: వైరు గుచ్చే చోట కదిపితే కరకర, వదిలేస్తే మౌనం. ‘పికప్ కాలిపోయింది’ అనుకుని మూలన పెట్టేస్తారు. చాలాసార్లు కాలిందీ లేదు, పోయిందీ లేదు. వైరు గుచ్చే జాక్ నట్టు వదులైందంతే. దాని చుట్టూ తెలుసుకోదగ్గ సంగతులు చాలానే ఉన్నాయి.

1. అమరావతి వీణకు జాక్ అక్కర్లేదు

అమరావతి స్తూపం పలకల మీదా, నాగార్జునకొండ శిల్పాల మీదా విల్లులా వంగిన వీణలు మీటేవాళ్లు కనిపిస్తారు. ఆ పలకలు కొన్ని అమరావతి మ్యూజియంలో, కొన్ని చెన్నై ఎగ్మూరులో, మరికొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ వీణలకు బోలు పెట్టె ఉంటుంది. తీగ మోతను పెంచి వినిపించేది అదే. అమరావతికి దగ్గర్లోని పొన్నెకల్లులో పుట్టిన బుర్రకథ పితామహుడు షేక్ నాజర్ భుజాన మోసిన తంబురకూ బుర్ర ఉంది. చవక ఎలక్ట్రిక్ గిటారు మాత్రం సాధారణంగా గట్టి చెక్క. బోలు లేదు. దాని పాట బయటికి రావాలంటే జాక్ ఒక్కటే దారి. అది వదులైతే తీగలెన్ని ఉన్నా ఒకటే.

2. జాక్ దాటి వచ్చే కరెంటు మామూలుగా ఒక వోల్టు కూడా ఉండదు

పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నటి రాగితీగ. పైన ఉక్కు తీగ కదిలితే ఆ చుట్టలో కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. పుట్టేది చాలావరకు వోల్టులో కొద్ది భాగం. ఆంప్లిఫయర్ దాన్నే ఎన్నో రెట్లు పెంచుతుంది. అందుకే జాక్‌లో రెప్పపాటు పట్టు తప్పినా స్పీకరులో పటపటమని పేలుతుంది.

3. ఆ పావంగుళం ప్లగ్గు సంగీతం కోసం పుట్టింది కాదు

గిటారు వైరు చివర ఉండే 6.35 మిల్లీమీటర్ల ప్లగ్గు 19వ శతాబ్దం చివర్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో వాడుకలోకి వచ్చింది. ఆపరేటర్లు ఒక లైనును ఇంకో లైనుకు కలపడానికి రోజంతా గుచ్చుతూ తీస్తూ ఉండేవారు. అన్నిసార్లు గుచ్చినా అరగకుండా ఉండాలని చేసిన వస్తువది. కాబట్టి మంచి జాక్ తొందరగా పాడవదు. వదులవుతుంది, అంతే.

4. గిటారు వాయించడం రానివాడు చేసిన గిటారు

మన అంగళ్లలో దొరికే చవక గిటార్లలో చాలావాటికి మాతృక 1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్. దాన్ని తయారుచేసిన లియో ఫెండర్ అమెరికాలో రేడియోలు బాగుచేసే దుకాణం నడిపినవాడు. ఆయనకు గిటారు వాయించడం రాదు. విప్పి బాగుచేయడం మాత్రం బాగా తెలుసు. ఆ మోడల్లో పడవ ఆకారపు రేకును పట్టుకున్న రెండు స్క్రూలు తీస్తే చాలు, జాక్ రెండు వైర్లతో సహా చేతిలోకి వస్తుంది. లెస్ పాల్ అనే ఇంకో రకం గిటారుకు జాక్ పక్క అంచున, నాలుగు స్క్రూల పలక కింద ఉంటుంది.

5. రోగం ఎక్కడో చప్పుడే చెబుతుంది

జాక్‌కు రెండే వైర్లు. లోపలి నాలుకకు వెళ్లేది పాటను మోస్తుంది, బయటి గొట్టానికి వెళ్లేది ఎర్త్. ఎర్త్ తెగితే ‘బొయ్య్’ మని పెద్ద హోరు. పాట వైరు తెగితే దాదాపు నిశ్శబ్దం. మల్టీమీటరు ఉంటే ఇంకా సులువు. గిటారుకు వైరు గుచ్చి, వాల్యూమ్ పూర్తిగా పెంచి, అవతలి ప్లగ్గు కొననూ మొదలునూ కొలవండి. 5 నుంచి 15 కిలో ఓంల మధ్య చూపిస్తే దారి బాగానే ఉంది. సున్నా చూపిస్తే ఎక్కడో రెండూ ఒకదానికొకటి తగులుతున్నాయి. 250 గానీ 500 గానీ చూపిస్తే జాక్ నిర్దోషి, పికప్ వైపు తెగింది. ఇదంతా చేసే ముందు ఇంకో వైరు పెట్టి చూడటం మరవకండి. ఒక్కోసారి దొంగ ఆ వైరే.

6. ఆ హోరుకూ ఒక స్వరం ఉంది

మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. గిటారు ఎర్త్ తెగినప్పుడు వినిపించే హోరు మూలం అదే. పాశ్చాత్య స్వరాల్లో 49 హెర్ట్జ్ దగ్గర ఉండే ‘జి’కి అది చాలా దగ్గర. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి అక్కడి గిటారు హోరు వేరే శ్రుతిలో ఉంటుంది.

7. పైనుంచి నట్టు బిగించడమే అసలు తప్పు

నట్టు వదులైందని తెలియగానే అందరూ చేసేది కటింగ్ ప్లేయరు తెచ్చి పైనుంచి తిప్పడం. తిప్పితే నట్టుతో పాటు లోపల జాక్ కూడా తిరుగుతుంది. దానితో వైర్లు మెలిపడి అతుకు దగ్గర తెగుతాయి. చిన్న పని అలా పెద్ద పనవుతుంది.

సరైన పద్ధతి ఇదీ. గిటారుకు గుచ్చిన వైరు పీకేయండి. రేకు స్క్రూలు విప్పి జాక్‌ను బయటికి లాగండి. వైర్లు మెలిపడి ఉంటే ఆ మెలి విప్పే వైపుకు జాక్‌ను తిప్పండి. లోపలి భాగాన్ని ఎడమచేతి వేళ్లతో కదలకుండా పట్టుకుని, కుడిచేత్తో నట్టు బిగించండి. పాత అమెరికన్ కొలత జాక్ నట్టు అరంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. బైకు టూల్ కిట్‌లోని 12-13 పానాలో 13 వైపు సరిపోతుంది. నట్టు చిన్నదైతే 12 వైపు చూడండి. గట్టిగా తగిలాక ఇంకో పావు తిప్పు చాలు, అంతకుమించి వద్దు.

8. చవక గిటార్లు చేసేవాళ్లు ఎగ్గొట్టేది పళ్ల వాషరు

రేకుకూ జాక్‌కూ మధ్య, లోపలి వైపు, చుట్టూ పళ్లున్న వాషరు ఉండాలి. ఆ పళ్లు కరిచి పట్టుకుంటే జాక్ తిరగదు. చాలా చవక గిటార్లలో అది ఉండదు. ఎలక్ట్రికల్ సామాను షాపులో చిల్లర డబ్బులకు దొరుకుతుంది. అది వేయకుండా నట్టెంత బిగించినా మళ్లీ వదులవుతుంది. ఫెవిక్విక్ చుక్క వేస్తే సరిపోతుందనుకోకండి. లోపలికి కారితే జాక్ మొత్తం మార్చాల్సిందే.

9. నట్టు బిగిసినా కరకర ఆగకపోతే నాలుకను చూడండి

ప్లగ్గు కొన దగ్గర చిన్న గాడి ఉంటుంది. జాక్ లోపలి లోహపు నాలుక వంగి ఆ గాడిలో పడి పట్టుకుంటుంది. వాడగా వాడగా ఆ నాలుక బయటికి వాలుతుంది. ప్లగ్గు తీసేసి, దాన్ని వేలితో కొంచెం లోపలికి వంచితే పట్టు వస్తుంది. మళ్లీ గుచ్చినప్పుడు ‘టక్’మన్న శబ్దం వినబడాలి. ఎక్కువ వంచితే విరుగుతుంది. తిరిగి బిగించేటప్పుడు ఆ నాలుక గోతి గోడకో, లోపల అంటించిన రేకుకో తగలకుండా చూసుకోండి. రేకుకు తగిలితే ప్లగ్గు గుచ్చగానే పాట ఆగిపోతుంది.

10. అతుకు మెరిస్తేనే నమ్మాలి

వైరు ఊడిపోయి ఉంటే సోల్డరింగ్ చేయాలి. తగరం, సీసం 60కి 40 పాళ్లలో కలిసిన లెడ్డు 190 డిగ్రీల లోపే కరుగుతుంది. ఐరన్ మొనతో ముందు జాక్ రేకును వేడిచేసి, లెడ్డును ఆ రేకుకు తాకించాలి. మొనకు తాకించి పైన పూస్తే పట్టదు. మంచి అతుకు నునుపుగా మెరుస్తూ వైరు చుట్టూ పాకుతుంది. ఎండిన సున్నంలా పొడిబారి గడ్డకట్టినట్టుంటే అది ఉత్త అతుకు, వారానికే ఊడుతుంది. కింద గుడ్డ పరచండి, గిటారు రంగు మీద చుక్క పడితే మచ్చ పోదు. పని అయ్యాక చేతులు కడుక్కోండి, లెడ్డులో సీసం ఉంది. చేతకాదనుకుంటే సెల్ రిపేర్ షాపులోనో టీవీ మెకానిక్ దగ్గరో నిమిషాల పని.

11. స్క్రూ పట్టని కంతకు మందు అగ్గిపుల్ల

చవక గిటార్ల చెక్క మెత్తన. రెండుసార్లు విప్పితే స్క్రూ కంత పెద్దదవుతుంది. మందు తీసేసిన అగ్గిపుల్లను ఫెవికాల్‌లో ముంచి కంతలో దించి, ఆరాక సమంగా కోసి స్క్రూ బిగిస్తే కొత్తదానిలా పట్టేస్తుంది.

12. పాలకొల్లు కుర్రాడు వైరు మీదే కర్ణాటక సంగీతం నడిపాడు

కరెంటు వాద్యం మన సంగీతానికి పనికిరాదనేవాళ్లకు జవాబు మాండొలిన్ శ్రీనివాస్. 1969లో పాలకొల్లులో పుట్టి, 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేశాడు. మామూలు మాండొలిన్‌కు తీగలు నాలుగు జతలు. జంట తీగల మీద గమకం పలకదు, మోత కూడా వెంటనే ఆగిపోతుంది. అందుకని ఎలక్ట్రిక్ మాండొలిన్‌కు విడివిడిగా ఐదు తీగలే పెట్టుకున్నాడు. పికప్ ఇచ్చిన నిలకడ వల్ల స్వరం సాగింది, గమకం పలికింది.

13. ప్రమాదం జాక్‌లో లేదు, గోడ సాకెట్లో ఉంది

ఆంప్లిఫయర్ నుంచి వైరు పీకేసిన గిటారును నిర్భయంగా విప్పవచ్చు. కానీ వాయించేటప్పుడు గిటారు తీగలు జాక్ ద్వారానే ఆంప్లిఫయర్ ఎర్త్‌కు కలిసి ఉంటాయి. ఆ ఎర్త్ సరిగా లేకపోతే చేతిలోని తీగలే కరెంటు తీగలు కావచ్చు. 1972 మే 3న వేల్స్‌లోని స్వాన్సీలో ‘స్టోన్ ద క్రోస్’ బృందం గిటారిస్టు లెస్ హార్వే ఎర్తింగ్ లేని మైకు ముట్టుకుని వేదిక మీదే చనిపోయాడు. షామియానా కింద, జనరేటరు మీద వాయించేవాళ్లు మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేయకూడదు. పెదవి మైకుకు తగిలినప్పుడు చురుక్కుమంటే వెంటనే ఆపేయాలి.

14. జాక్ ఆయుష్షు పెంచేది బెల్టు

వైరును నేరుగా జాక్‌లోంచి కిందికి వేలాడదీయకుండా, భుజం బెల్టుకూ గిటారుకూ మధ్య నుంచి ఒకసారి దూర్చి గుచ్చండి. ఎవరి కాలైనా వైరుకు తగిలితే ఆ లాగుడు బెల్టు మీద పడుతుంది. ఖర్చు లేదు, సామాను అక్కర్లేదు.

15. కొత్త జాక్ కొనేటప్పుడు అడగాల్సిన మాట ‘మోనో’

మామూలు గిటారుకు రెండు కాళ్ల మోనో జాక్ చాలు. మూడు కాళ్లున్న స్టీరియో జాక్ మాత్రం, లోపల 9 వోల్టుల బ్యాటరీ ఉండే గిటార్లది. అక్కడ మూడో కాలు స్విచ్చు పని చేస్తుంది, ప్లగ్గు గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ నడుస్తూనే ఉంటుంది. అలాంటి గిటారుకు వాయించాక వైరు పీకేయకపోతే బ్యాటరీ వృథాగా ఖర్చవుతుంది. షాపుకు పాత జాక్‌నే పట్టుకెళ్లి చూపించండి. కాళ్లెన్నో, కంత ఎంతో, నట్టు ఏ కొలతో చెప్పే పని తప్పుతుంది.