గొలుసు వ్యాపారము: సరకా, సభ్యత్వమా?

ఒకరు ఆరుగురిని చేర్చవలెను. ఆ ఆరుగురిలో ప్రతివారును మరి ఆరుగురిని చేర్చవలెను. వినుటకు సులభముగా తోచు ఈ లెక్కను విద్యార్థులు నల్లబల్లపై వేసి చూడదగును. మొదటి ఆరుగురు మొదటి మెట్టు అనుకొన్నచో, ఎనిమిదవ మెట్టు ముగియునప్పటికి సభ్యులు ఇరువది లక్షలు దాటుదురు. తొమ్మిదవ మెట్టునకు మరి కోటిమందికి పైగా కావలెను. 2011 జనాభా లెక్కల ప్రకారము నాటి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల జనసంఖ్య, చంటిబిడ్డలతో సహా, సుమారు 75 లక్షలే! ఏ మెట్టుకడ గొలుసు ఆగినను, చేరినవారిలో ఆరింట ఐదువంతులమంది తమ క్రింద ఎవ్వరును లేక అట్టడుగున మిగిలిపోవుదురు.

అట్లయిన మల్టీ లెవెల్ మార్కెటింగ్ అనబడు ప్రతి వ్యాపారమును పిరమిడ్ పథకమేనా? ఒకే సంస్థ విషయమున రెండు దేశములలో రెండు సమాధానములు వెలువడినవి. ఆమ్వే సంస్థ పిరమిడ్ పథకము కాదని 1979లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తేల్చినది. అమ్ముడుపోని సరకును సంస్థ తిరిగి తీసికొనుట, నెలలో కొన్న సరకులో 70 శాతమైనను అమ్మిననే బోనసు ఇచ్చుట వంటి నియమములు అందుకు ఆధారమైనవి. కాని 2007 జూలై 19న హైదరాబాదులోని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ఆ సంస్థ మన దేశమున నడపిన పథకము 1978 నాటి ప్రైజ్ చిట్లు, మనీ సర్క్యులేషన్ పథకముల నిషేధ చట్టము క్రిందికి వచ్చునని చెప్పి, సంస్థ పిటిషనును కొట్టివేసినది.

ఇందలి భేదమునకు కారణము చట్టముల స్వరూపమే. సరకు నిజముగా వాడుకరులకు చేరుచున్నదా యని అమెరికా కమిషన్ చూచినది. సభ్యులను చేర్చుటతో ముడిపడిన సులభధనపు ఆశ కలదా యని మన చట్టము చూచును. సబ్బో, పొడియో చేతిలో ఉన్నంత మాత్రమున పథకము నిర్దోషి కాజాలదు. 2021 డిసెంబరులో వెలువడిన కేంద్ర ప్రభుత్వ నిబంధనలు నేరుగా సరకులమ్ముటను అనుమతించుచు, పిరమిడ్ పథకములను, వానిలో జనులను చేర్చుటను నిషేధించినవి.

కావున అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: రేపటినుండి కొత్తవారెవ్వరును చేరకున్నను, సరకు అమ్మకముపైననే ఈ ఆదాయము నిలుచునా? పల్లెలో పంతులుగారి మాటకు విలువ గలదు. పాలమూరు కూలి వలసపోయి కూడబెట్టిన సొమ్మును ఆ మాటను నమ్మియే పెట్టును. ఈ ప్రశ్నకు జవాబు దొరకనంతవరకు ఉపాధ్యాయుడు ఎవరినీ చేర్చకుండుటయే ధర్మము.