ఇంటి బావికి ప్రెషర్ ట్యాంకు



బావిలో నీరున్నది, మోటారున్నది. అయినా బిందెడు నీళ్లు కావలసినప్పుడల్లా ఎవరో ఒకరు లేచి స్విచ్చి వేయాలి, మరల పోయి ఆపాలి. డాబా ఇల్లయితే పైన ట్యాంకు పెట్టుకోవచ్చును. పెంకుటింటి వారి మాటేమిటి? పోనీ, పది అడుగుల ఎత్తున ట్యాంకు నిలబెట్టినా దానివల్ల వచ్చే ఒత్తిడి చదరపు అంగుళానికి 4 పౌన్లకు కొంచెం పైమాటే. గొడ్ల సావిడి కడగడానికి ఆ ధార చాలదు. ఇటువంటి చోట ప్రెషర్ ట్యాంకు అక్కరకు వస్తుంది. అయితే సైజు తెలుసుకోకుండా కొంటే మోటారు కాలుతుంది సుమా!

ముందు అది పనిచేసే తీరు చూద్దాం. సైకిలు పంపు రంధ్రాన్ని బొటనవేలితో మూసి పిడి నొక్కండి. వదలగానే పిడి వెనక్కు తన్నుతుంది. నీటిని ఎంత అదిమినా కుంచించుకోదు, గాలి కుంచించుకొంటుంది. ఈ ట్యాంకులో ఒక రబ్బరు సంచి ఉంటుంది. సంచిలో నీరు, దాని చుట్టూ గాలి. మోటారు నీటిని సంచిలోకి తోసేకొద్దీ గాలి నలుగుతుంది. కుళాయి తిప్పగానే ఆ గాలే నీటిని బయటకు నెడుతుంది. మోటారును వేసేది, ఆపేది ప్రెషర్ స్విచ్చి. ఒత్తిడి 20 పౌన్లకు దిగితే వేస్తుంది, 40కి ఎక్కితే ఆపుతుంది.

ఇక సైజు. వంద లీటర్ల ట్యాంకు కొంటే వంద లీటర్లు వస్తాయనుకొంటారు చాలామంది. రావు. అందులో చాలా భాగం గాలిదే గదా! 20–40 అమరికలో మోటారు ఆగిన తరువాత మరల వేసుకొనే లోపల మనకు దక్కేది సుమారు మూడో వంతు, అంటే 34 లీటర్లు. అమరిక 30–50కి పెంచితే అది 30 లీటర్లకు లోపే.

మీ మోటారు ఎంత నీరు తోడుతుందో కొలవండి. 20 లీటర్ల బక్కెట్టు అర నిమిషంలో నిండితే నిమిషానికి 40 లీటర్లన్నమాట. ఒక హార్సుపవరు దాకా గల మోటారు ఒకసారి వేసుకొంటే కనీసం ఒక నిమిషం నడవాలి. అంతకు పెద్దదైతే రెండు నిమిషాలు. కాబట్టి ఒక హార్సుపవరు మోటారుకు దక్కే నీరు 40 లీటర్లుండాలి. దానికి మూడింతలు వేసుకోండి: 120 లీటర్ల ట్యాంకు.

చవకని 24 లీటర్లది బిగించారనుకోండి. దక్కేది 8 లీటర్లే. సావిడి గొట్టం నిమిషానికి 20 లీటర్లు వాడుతూ ఉంటే మోటారు గంటకు 75 సార్లు వేసుకొంటుంది. అదే 120 లీటర్లదైతే 15 సార్లే. వేసుకొన్న ప్రతిసారీ మోటారు మామూలుకన్న అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఆ వేడికే వైండింగు మాడేది. ట్యాంకులో మిగిల్చిన డబ్బు రీవైండింగుకు పోతుంది.

మోటారుకూ ఆ శక్తి ఉండాలి. 40 పౌన్లంటే 92 అడుగుల ఎత్తుకు నీరెక్కించినంత పని. నీటిమట్టం 30 అడుగుల లోతున ఉంటే మొత్తం 122 అడుగులు, గొట్టంలో రాపిడి అదనం. ఎండకాలపు మట్టాన్నే లెక్కవేయండి. శక్తి చాలకపోతే ఒత్తిడి 40కి చేరదు, మోటారు ఆగనే ఆగదు.

ట్యాంకుకు మోటారు సైకిలు టైరుకున్నట్టి గాలి వాల్వు ఉంటుంది. మోటారు ఆపి, నీరంతా వదిలి, గాలి కొలవండి. మోటారు వేసుకొనే ఒత్తిడికన్న 2 పౌన్లు తక్కువగా, అంటే 18 ఉండాలి. కొన్ని నెలలకొకసారి చూసుకోండి. ఆ వాల్వునుండి నీరు చిమ్మితే సంచి చిరిగినట్లే. సంచి లేని పాత రకం ట్యాంకులో గాలి కొద్దికొద్దిగా నీటిలో కరిగిపోతుంది. మోటారు నిమిషానికి నాలుగుసార్లు టకటకలాడితే గాలి తగ్గిందని గుర్తు.

రెండు హెచ్చరికలు. పాత ఇనుప డ్రమ్ముకు గొట్టాలు అతికించి ట్యాంకు చేయకండి, పగిలితే ప్రాణాలకే ముప్పు. అదనపు ఒత్తిడిని వదిలే సేఫ్టీ వాల్వు తప్పక పెట్టించండి. రెండవది, ఇది నీరు నిలవచేసే తొట్టి కాదు. కరెంటు పోతే మిగిలేది రెండు బక్కెట్లే. కరెంటు వేళలు నిలకడగా లేని ఊళ్లో నేలమీద తొట్టి కట్టి బావినీరు నింపుకొని, దానినుండి చిన్న మోటారుతో ఈ ట్యాంకుకు పెట్టుకోవడం మేలు.

విస్తరణ ఉద్యోగులు రైతుకు ట్యాంకు పేరు చెప్పేముందు బక్కెట్టుతో మోటారును కొలిపించాలని మనవి. కొలత పట్టేది అర నిమిషమే.