యుగంధరా... మార్పుల్ మామ్మగారా?

"ఈ పూట కూరేం వండాలి?" అన్న ప్రశ్న తరవాత ఆడవాళ్లని అంతగా తికమక పెట్టే ప్రశ్న ఇంకోటి ఉండదనుకునేదాన్ని. ఉంది! "పదకొండు మంది కలిసి చదవడానికి ఒక మంచి పాత డిటెక్టివ్ నవల చెప్పండి" అని అడిగి చూడండి. మా దగ్గర ఆ సంగతి తేలడానికి రెండు శనివారాలు, మూడు ఫ్లాస్కుల టీ, ఒక అలక పట్టాయి.

ముందు మా బుక్ క్లబ్ గురించి చెప్పాలి. దానికి పేరంటూ ఏమీ లేదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఉన్న కాలనీల వాళ్లం. మెట్రో ఎక్కితే చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటగానే ఎల్బీనగర్... మూడే స్టేషన్లు. 2018లో ఆ రైలు వచ్చేదాకా ఆ కాస్త దూరానికీ ఆటోవాళ్లతో బేరమాడీ ఆడీ గొంతు పోయేది! మాలో ఒకావిడ బ్యాంకు ఉద్యోగి, ఇద్దరు టీచర్లు, ఒకమ్మాయి నల్గొండ నుంచి వచ్చి టైలరింగ్ షాపు నడుపుకుంటోంది. మిగిలినవాళ్లం ఇల్లు చూసుకునేవాళ్లం. నెలకి రెండు శనివారాలు, మధ్యాహ్నం మూడింటికి ఎవరో ఒకరింట్లో చేరతాం. కిట్టీ పార్టీ కాదు... చీటీలు లేవు, తంబోలా లేదు. ఇన్నాళ్లూ యద్దనపూడి, రంగనాయకమ్మ, ద్వివేదుల విశాలాక్షి... ఇలా చదువుకుంటూ వచ్చాం. ఈసారి "ఏడుపులు చాలు, కాస్త ఒళ్లు జలదరించేది కావాలి" అన్నారు అందరూ.

అలక ఎవరిదంటారా? మా అందరిలోకీ పెద్దావిడది. డెబ్భై రెండేళ్లు. పిల్లలిద్దరూ అమెరికాలో. కొత్తపేటలో పాత పండ్ల మార్కెట్టు వెనకాల ఫ్లాటులో ఒక్కరే ఉంటారు. మేమంతా మామ్మగారనే పిలుస్తాం. బ్యాంకు ఆవిడ ఇంగ్లీషు నవలల పేర్లు గడగడా చదువుతుంటే మామ్మగారు కళ్లజోడు తీసి పెట్టెలో పెట్టేసుకున్నారు. "మీరు చదువుకోండమ్మా. నేను టీ పెడతాలే" అన్నారు. అందరం గతుక్కుమన్నాం. ఆవిడకి తెలుగు తప్ప రాదు. ఇంగ్లీషు పుస్తకం పెట్టుకుంటే ఆ నెలంతా ఆవిడ టీ కప్పులు అందించే మనిషిగా మిగిలిపోతారు. అప్పటిదాకా మాకిది సరదా వ్యవహారం. ఆ మాటతో కాకుండా పోయింది.

పరుపు కింద యుగంధర్

మరి తెలుగులో లేవా? లేకేం! అపరాధ పరిశోధక నవల మనకి నిన్నా మొన్నా వచ్చింది కాదు. నూరేళ్లకి పైనే అయింది. బెంగాలీలో పాంచ్‌కడీ దే రాసినవి తెలుగులోకి వస్తే మన ముత్తాతలు దీపాల వెలుగులో చదివారు. దేవరాజు వేంకటకృష్ణారావు గారి 'వాడే వీడు' ఆ రోజుల్లో ఎంత పేరు తెచ్చుకుందో పాతవాళ్లు చెప్పేవారు. తరవాత వచ్చారు కొమ్మూరి సాంబశివరావు (1926–1994). ఆయన సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు మనింటి మనుషులైపోయారు. 'చావు కేక', 'లక్షాధికారి హత్య', 'మతిపోయిన మనిషి'... పేర్లు వింటేనే చేతిలో పని ఆగిపోయేది కదూ!

చాలామందికి తెలియని ముచ్చట ఇంకోటుంది. 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' రాసిన ఆరుద్ర గారు కూడా డిటెక్టివ్ నవలలు రాశారు. 'పలకల వెండి గ్లాసు', 'అణాకొక బేడ స్టాంపు', 'ఆనకట్ట మీద హత్య' ఆయనవే. అంత పండితుడికి లేని నామోషీ మన ఇళ్లలో ఎందుకుండేదో మరి! మగపిల్లలు చదివితే "కాలక్షేపం". ఆడపిల్ల చేతిలో కనిపిస్తే "చెడిపోతోంది". అద్దె పుస్తకాల షాపులో రోజుకి పావలా ఇచ్చి మా అన్నయ్య తెచ్చేవాడు, వాడు పడుకున్నాక నేను చదివేదాన్ని. పగలు పుస్తకం ఉండే చోటు పరుపు కింద. మా క్లబ్బులో అడిగితే పదకొండు మందికీ అదే కథ, దాచిన చోటు మాత్రం వేరు. ఒకావిడ పూజగదిలో లలితా సహస్రనామం అట్ట తొడిగి పెట్టేవారట!

అద్దె పుస్తకాలకి రెండు జబ్బులుండేవి, గుర్తుందా? ఒకటి, ఆఖరి పేజీలు చిరిగిపోయి ఉండటం. రెండోది, ముప్ఫయ్యో పేజీలో ఒక పేరు కింద పెన్సిలుతో గీత గీసి "హంతకుడు వీడే" అని ఎవరో మహానుభావుడు రాసిపెట్టడం.

మామ్మగారు సహజంగానే యుగంధర్ పక్షం. మా టీచరొకావిడ ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ అంతా గాలించి నాలుగు పాత నవలలు పట్టుకొచ్చింది. నాలుగూ వేరు వేరు. ఒకదానికి యథాప్రకారం ఆఖరి పేజీలు లేవు! బుక్ క్లబ్‌కి కావలసింది ఒకే పుస్తకం పదకొండు కాపీలు కదా. తలా ఒకటి చదివేసి కబుర్లు చెప్పుకుంటే అది అద్దె షాపే అవుతుంది. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ కాలపు డిటెక్టివ్ నవలల్లో చాలా వాటిల్లో ఆడదానికి రెండే వేషాలు... శవం, లేదా మోసగత్తె. ముఖచిత్రం మీద మాత్రం ఆవిడే! ఇప్పుడు చదువుతుంటే చిరాకేస్తుంది. అయినా పేజీ తిప్పకుండా ఉండలేం, అది వేరే సంగతి.

వజ్రం మనదే!

షెర్లాక్ హోమ్స్‌ని త్వరగానే పక్కన పెట్టాం. ఆయన మీద కోపం లేదు. 1887లో మొదలైన ఆ కథల్ని పిల్లలు టీవీలో, ఫోన్లలో చూసేసి మనకన్నా ముందే గుట్టు విప్పేస్తున్నారు.

నా ఓటు 'మూన్‌స్టోన్'కి. విల్కీ కాలిన్స్ రాశాడు. 1868లో డికెన్స్ నడిపే వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. కథేంటంటే... 1799లో శ్రీరంగపట్నం కోట పడిపోయినప్పుడు ఒక ఇంగ్లీషు సైనికాధికారి దేవుడి వజ్రాన్ని కాజేస్తాడు. ఆ వజ్రం చివరికి మేనకోడలికి పద్దెనిమిదో పుట్టినరోజు కానుకగా వస్తుంది. ఆ రాత్రే మాయం! దాన్ని వెతుక్కుంటూ మన దేశం నుంచి ముగ్గురు బ్రాహ్మలు కూడా ఆ ఊళ్లో తిరుగుతుంటారు. "దొంగసొత్తు పోయిందని దొంగింటివాళ్లే పోలీసుల్ని పిలిచారన్నమాట!" అని మామ్మగారు అనేసరికి అందరం పగలబడి నవ్వాం.

అందులో రొసానా అనే పనిపిల్ల ఉంది. ఒకప్పుడు దొంగతనం చేసి శిక్ష అనుభవించి వచ్చింది. అందుకని ఇంట్లో ఏం పోయినా చూపులు ముందు ఆమె మీదకే. నేనీ సంగతి చెప్తుంటే మా నల్గొండ అమ్మాయి కుట్టు ఆపి, "ఇప్పుడు గూడ గంతే గదక్కా! గొలుసు కనబడకుంటే ఫస్టు పనామె మీదనే పడ్తరు. బీర్వ కింద దొర్కినంక సారీ అన్న చెప్పరు" అంది. ఎవరం మాట్లాడలేదు. ఆ ఒక్క మాట కోసమైనా 'మూన్‌స్టోన్' చదవాలనిపించింది. కానీ ఐదువందల పేజీలండీ! పరీక్షల నెలలో, పెళ్లిళ్ల నెలలో ఎవరు చదువుతారు? వేసవి సెలవులకి వాయిదా వేశాం.

తరవాత బ్యాంకు ఆవిడ అగాథా క్రిస్టీని తెచ్చింది. 1926లో వచ్చిన 'ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్‌రాయిడ్'. అది గొప్పదని లోకమంతా అంటుంది. దాదాపు ఖాయం చేశాం కూడా. ఈలోగా ఆ ఇంటి సుపుత్రుడు, కోచింగ్ నుంచి వచ్చినవాడు, పకోడీల పళ్లెం తీసుకుంటూ "ఓ అదా! అందులో చంపింది..." అని పేరు చెప్పేసి వెళ్లిపోయాడు! వాళ్లమ్మ మొహం చూడాలి అప్పుడు.

ఇద్దరు మాత్రం పట్టుదలగా చదివారు. పదిహేను రోజుల తరవాత వచ్చి, "తెలిశాక చదివితేనే ఇంకా బాగుంది. ఎక్కడెక్కడ మన కళ్ల ముందే పెట్టి దాచిందో కనిపిస్తోంది" అన్నారు. మాకు దొరికిన అసలు కొలత అదే. హంతకుడి పేరు తెలియగానే చప్పబడిపోయే నవల ఒంటరిగా రైలులో చదువుకోవడానికి బాగుంటుంది. పదిమంది కూర్చుని మాట్లాడుకోవడానికి పేరు తెలిశాక కూడా ఏదో మిగలాలి.

దానికి రచయిత న్యాయంగా ఆడాలి మరి. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఫాదర్, ఆయనా డిటెక్టివ్ నవలలు రాసినవాడే, పది నియమాలు పెట్టాడు. డిటెక్టివ్‌కి దొరికిన ఆధారం పాఠకుడికీ చూపించాలి. ముందు చెప్పకుండా కవల పిల్లల్ని దించకూడదు... మన సినిమావాళ్లకి ఈ రూలు పెడితే ఎంతమంది హీరోల డబుల్ యాక్షన్లు పోయేవో!

చివరికి గెలిచింది క్రిస్టీయే, పుస్తకం మాత్రం వేరు. 1930లో వచ్చిన 'ది మర్డర్ ఎట్ ది వికారేజ్'. మిస్ మార్పుల్ అనే ముసలావిడ నవలలోకి అడుగుపెట్టింది అందులోనే. పెళ్లి కాలేదు, ఉద్యోగం లేదు, పిస్తోలు లేదు. తోటపని చేస్తుంది, పిట్టల్ని చూస్తానని బైనాక్యులర్స్ పెట్టుకుంటుంది. నిజానికి చూసేది ఊరిని! చర్చి ఫాదర్ గారి గదిలో ఒక కర్నల్ శవం దొరుకుతుంది. ఆ మనిషి ఎంత చెడ్డవాడంటే, వాణ్ణి ఎవరైనా చంపితే లోకానికి మేలేనని ఫాదర్ గారే ముందు అనేసి ఉంటాడు. ఫాదర్ గారి భార్యకి ఇల్లు దిద్దుకోవడం రాదు. వాళ్ల పనిమనిషికి వంట రాదు. ఆ గదిలో గడియారం పావుగంట ముందు నడుస్తుంది. ఇది వినగానే అందరం గోడ వంక చూశాం. స్కూలు బస్సు తప్పిపోతుందని మనమూ పది నిమిషాలు ముందుకి పెట్టుకోమా?

"ఇంతకీ ఆ ముసలావిడ చేసేదేంటి?" అన్నారు మామ్మగారు. "ఎవరింటికి ఎవరొచ్చారో చూస్తుంది. ఈ మనిషి ఫలానా మనిషిలాగే ఉన్నాడే అని పోల్చుకుంటుంది. అంతే" అన్నాను. "దాన్నేగా మన ఇళ్లలో అమ్మలక్కల కబుర్లంటారు!" అన్నారావిడ.

నిజమే. కానీ కిందటేడు మా మామ్మగారి అపార్టుమెంటులో ఒక ఫ్లాటు గుమ్మం ముందు పాలప్యాకెట్టు పది గంటలైనా అలాగే ఉంటే, వాచ్‌మన్‌ని పిలిచి తలుపు తట్టించింది ఆవిడే. లోపలావిడ బాత్రూంలో జారిపడి, లేవలేక ఉంది. సీసీ కెమెరాలో కూడా ఆ పాలప్యాకెట్టు కనిపిస్తూనే ఉంది. అది అక్కడ ఎందుకుందో అడగడానికి మామ్మగారు కావలసి వచ్చారు.

క్రిస్టీ జీవితం చెప్పుకుంటే అదే ఒక నవల. మొదటి ప్రపంచ యుద్ధంలో మందుల గదిలో పనిచేసి విషాల గురించి నేర్చుకుంది. 1926లో తల్లి పోయింది, భర్త విడాకులు కావాలన్నాడు. ఆ డిసెంబరులో కారు దారిలో వదిలేసి పదకొండు రోజులు కనిపించలేదు. దేశమంతా వెతికితే హారోగేట్‌లో ఒక హోటల్లో దొరికింది. అక్కడ రాయించిన ఇంటిపేరు భర్త ప్రేమించిన అమ్మాయిది! ఎందుకలా చేసిందో తన ఆత్మకథలో కూడా రాయలేదు. హత్య గురించి కన్నా ఆ ఇంటిపేరు గురించే మా వాళ్లు ముప్పావుగంట మాట్లాడారు.

మరి మామ్మగారి ఇంగ్లీషు సంగతి? బ్యాంకు ఆవిడే దారి చెప్పింది. ప్రతి సమావేశంలోనూ నాలుగైదు అధ్యాయాలు తను తెలుగులో చెప్తుంది. మిగతావాళ్లం ఇంటి దగ్గర అంతవరకే చదవాలి, ముందుకెళ్లకూడదు. ఆఖరి అధ్యాయం ఎవరూ ఇంట్లో తెరవకూడదు, అందరం కలిసే. లండన్‌లో 1952 నుంచి ఆడుతున్న క్రిస్టీ నాటకం 'మౌస్‌ట్రాప్'కి వచ్చే ప్రేక్షకుల్ని కూడా ముగింపు బయట చెప్పొద్దని అడుగుతారట. మేమూ పకోడీ పుత్రుణ్ణి ఆ వేళకి ట్యూషన్‌కి పంపించేస్తున్నాం. మీరు కూడా ఇలాంటి క్లబ్బు పెట్టుకుంటే ఒక్క సలహా... అందరూ ఒకే అచ్చు పుస్తకం కొనండి. లేకపోతే "ఎన్నో పేజీ?" అనుకోవడంతోనే సాయంత్రమైపోతుంది. పాత్రల పేర్లు ఒక కాగితం మీద రాసి గోడకి అంటించండి. ఆ ఇంగ్లీషు పేర్లు టీవీ సీరియల్ చుట్టరికాల కన్నా అన్యాయం.

ఇప్పటికి సగం అయింది. టీ కప్పులు వంతులవారీగా కడుగుతున్నాం. మామ్మగారి నోటుబుక్కులో ఏడు పేర్లున్నాయి, రెండు కొట్టేశారు. మా నల్గొండ అమ్మాయికి ఫాదర్ గారి భార్య మీదే గురి. "గంత సక్కగ నవ్వెటోళ్లను నమ్మొద్దక్కా" అంటోంది. తలా ఒక పేరు చీటీ మీద రాసి, మడిచి, ఖాళీ హార్లిక్స్ సీసాలో వేశాం. సీసా మామ్మగారి ఫ్రిజ్ మీదుంది. తెరిచేది వచ్చే నెల రెండో శనివారం.