చెరువు అడుగు బురదయు, నీటి వడియు

చెరువునీరు తేటగా నున్నచో అది నిర్దోషమైనదని తలచుట మన అలవాటు. క్రిముల విషయమున ఈ భ్రమ ఎంత హాని చేయునో పలువు రెరుగుదురు. సీసము, కాడ్మియము, పాదరసము మొదలగు బరువు లోహముల విషయమున మరియొక చిక్కు కలదు. ఇవి నీటియందు కంటె అడుగున నున్న బురదయందే హెచ్చుగా చేరి యుండును. ఆ బురద వానిని ఎప్పుడు పట్టియుంచునో, ఎప్పుడు విడుచునో అనునది చాలవరకు నీటి కదలికపై ఆధారపడి యున్నది.

హైదరాబాదులోని హుస్సేన్ సాగరమును చూడుడు. 1562 ప్రాంతమున ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలమున నిర్మింపబడిన ఈ చెరువు ఒకప్పుడు నగరమునకు త్రాగునీ రిచ్చినది. పిమ్మట బాలానగరు, సనత్ నగరు, జీడిమెట్ల ప్రాంతములలో కర్మాగారములు వెలసినవి. వాని వ్యర్థజలములు ఇండ్ల మురుగుతో కలిసి కూకట్‌పల్లి నాలా గుండ దశాబ్దముల తరబడి చెరువును చేరినవి. నాలాలో వడిగా వచ్చిన నీరు విశాలమైన చెరువులో ప్రవేశింపగానే మందగించి, తాను మోసికొని వచ్చిన మట్టిని జారవిడుచును. లోహములు సన్నని బంకమట్టి రేణువులను, కుళ్ళిన పదార్థములను అంటిపెట్టుకొని యుండును గాన వానితోడనే అడుగునకు దిగును. ఇట్లు ఏటేట పొరమీద పొర ఏర్పడినది.

ఇట్టి బురదలో పైనుండి కొద్ది మిల్లీమీటర్లు దాటినంతనే ఆమ్లజని యుండదు. అచ్చటి సూక్ష్మజీవుల వలన కుళ్ళిన గ్రుడ్ల వాసన గల గంధకపు వాయువు పుట్టును. ఈ గంధకము సీసము, రాగి, జస్తా, కాడ్మియములతో కలిసి నీటిలో సులభముగా కరగని గంధకిదములుగా మారును. మనము ముక్కు మూసికొను దుర్గంధమే ఒక విధముగా ఆ లోహములకు కావలి కాయుచున్న దనవచ్చును.

నీరు నిలుకడగా నున్నప్పుడు, బురదను ఆనుకొని సుమారు ఒక మిల్లీమీటరు మందము గల నీటిపొర దాదాపు కదలక యుండును. కరగిన లోహము దీనిని దాటి మెల్లమెల్లగా పైకి వ్యాపింపవలసినదే. వడి హెచ్చినకొలది ఈ పొర పలుచబడును; లోహము పైకి వచ్చుట సులభమగును. వడి ఇంకను హెచ్చినచో బురదయే లేచును. అడుగును ఒరయు నీటి బలము వడి 2 రెట్లయిన సుమారు 4 రెట్లు, 3 రెట్లయిన 9 రెట్లు అగును. ఏడాది పొడవున కదలని బురద ఒక్క వానరాత్రిలో లేచిపోవుట ఇందువలననే.

లేచిన బురదకు నీటిలోని ఆమ్లజని సోకును. గంధకిదములు విడివడి కొంత లోహము నీటిలో కరగును. అయితే బురదలోని ఇనుము అప్పుడే తుప్పుగా మారి, కరగిన లోహములో చాలభాగమును తిరిగి పట్టుకొనును. కావున బురద కదలినంతనే నీరెల్ల విషమగునని చెప్పుట అతిశయోక్తి. కాని ఆ లోహము పూర్వపు చోట నిలువదు. తేలికయైన తుప్పురేణువులతో కూడి అలుగు దాటి దిగువకు పోవును. హుస్సేన్ సాగరపు మిగులునీరు మూసీనదిలో కలియును.

అట్లని నీరు బొత్తిగా కదలకుండుటయు మేలు కాదు. వేసవిలో అడుగునీటియందలి ఆమ్లజని ఖర్చయిపోగా, బురదపై మూతవలె నున్న తుప్పుపొర కరగిపోవును. అది పట్టియుంచిన ఆర్సెనిక్, భాస్వరములు నీటిలోనికి వచ్చును. ఆమ్లజని కొరత వలన ఇట్లు జరుగుటను మార్టిమర్ అను శాస్త్రజ్ఞుడు ఇంగ్లండు సరస్సులలో పరిశోధించి 1941-42 సంవత్సరములలో వివరించెను. అన్ని లోహములు ఒకే తీరున నడవవు: ఆమ్లజని సోకిన కాడ్మియము విడివడును, సోకకున్న ఆర్సెనిక్ విడివడును.

త్రాగునీటిలో సీసము లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించరాదని భారతీయ ప్రమాణము. ఈ కొలత కంటికి గాని నాలుకకు గాని తెలియునది కాదు. నీటిని మరగించుట వలన క్రిములు చచ్చును గాని లోహములు పోవు. నీరు ఆవిరియైన కొలది మిగిలిన నీటిలో వాని పాలు పెరుగును. పటిక వేసిన మడ్డితో కూడ కొంత లోహము దిగును గాని, కరగినదంతయు దిగదు.

పూడికమట్టిని పొలములకు తోలుట మన రైతుల పాత ఆచారము. తెలంగాణములో 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ దీనిని ప్రోత్సహించినది. కేవలము వాననీటి చెరువుల మట్టికి ఇది మేలైన ఆచారమే. కర్మాగారపు మురుగు చేరిన చెరువు మట్టిని మాత్రము పరీక్ష చేయింపక తోలరాదు. గట్టున ఆరబోసినప్పుడు అందలి గంధకిదములు గాలి సోకి ఆమ్లమును పుట్టించును; కాడ్మియము, జస్తా పైరు వేళ్ళకు అందు రూపమునకు వచ్చును. పూడిక తీయునప్పుడు నీటిని తూముల గుండ మెల్లగా దింపవలెను. ఒక్కసారి వదలినచో బురద దిగువ ఊళ్ళ పాలగును. తొలివరద వచ్చి నీరు మడ్డిగా నున్న దినములలో ఇట్టి చెరువుల నీటిని పశువులకు సైతము త్రాపరాదు. వీని చేపలను ఏ కాలమునను పరీక్ష లేనిదే పిల్లలకును, గర్భిణులకును పెట్టరాదు.