మార్కుల పట్టికకు అందని మనసు

తెలుగు రాష్ట్రాల్లో పదో తరగతి ముగించిన పదిహేను, పదహారేళ్ల పిల్లలు పెద్ద సంఖ్యలో ఇల్లు విడిచి, తెల్లవారకముందే మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే రెసిడెన్షియల్ కాలేజీల దినచర్యలో చేరుతున్నారు. మానసిక రుగ్మతల్లో అధికభాగం తొలిసారి తలెత్తేది కౌమారంలోనూ తొలి యౌవనంలోనూ కాబట్టి, ఆ వయసు పిల్లలను ఒకచోట చేర్చి చదివించే సంస్థకు వారి భోజన వసతుల విషయంలో ఎంత బాధ్యత ఉందో మానసిక ఆరోగ్యం విషయంలోనూ అంతే ఉంది. జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. ఏ ఆత్మహత్యకూ ఒకే కారణం ఉండదు. అయినా పరీక్ష తప్పడమే సర్వకారణమన్నట్టు ఫలితాల వేళ వార్తలు వచ్చి, వారం తిరిగేసరికి మరుగున పడిపోతున్నాయి.

పరీక్షల ముందు కలిగే ఒత్తిడి సహజమైనది, సాధారణంగా పరీక్ష దాటితే తగ్గేది. వైద్యులు డిప్రెషన్‌గా గుర్తించే కుంగుబాటు అలాంటిది కాదు. కనీసం రెండు వారాలపాటు దాదాపు ప్రతిరోజూ దిగులు కమ్ముకొని ఉండటం లేదా ఇష్టమైన పనులపై ఆసక్తి నశించడం దాని ప్రధాన లక్షణాలు కాగా, నిద్ర, ఆకలి తారుమారు కావడం, ఎందుకూ కొరగానన్న భావన, ఏకాగ్రత కుదరకపోవడం వాటికి తోడవుతాయి. ఈ చివరి లక్షణమే కాలేజీల్లో అపార్థానికి గురవుతోంది. పుస్తకం ముందున్నా చదవలేని స్థితిని సోమరితనంగా లెక్కగట్టి, వారాంతపు పరీక్షలో మార్కులు తగ్గగానే విద్యార్థిని కింది సెక్షన్‌కు మార్చి, ఆ జాబితాను నోటీసు బోర్డుకు అంటిస్తే, రోగలక్షణానికి శిక్ష వేసినట్టే. స్నేహితులు పాత సెక్షన్‌లో ఉండిపోతారు, కొత్త గదిలో ఒంటరితనం పెరుగుతుంది, మార్కులు మరింత పడిపోతాయి. ఈ పద్ధతిని యథాతథంగా ఉంచి కౌన్సెలర్‌ను నియమించడం ఒక చేత్తో గాయం చేస్తూ మరో చేత్తో మందు రాయడమే.

విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతున్న 17 ఏళ్ల విద్యార్థిని 2023 జులైలో మరణించిన కేసులో, 2025 జులై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ మూలాన్నే తాకింది. రాజ్యాంగం 21వ అధికరణం హామీ ఇచ్చే జీవించే హక్కులో మానసిక ఆరోగ్యం భాగమని చెబుతూ, వందమంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌నో, మనస్తత్వ నిపుణుడినో, సామాజిక కార్యకర్తనో నియమించాలని, మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయడం, నలుగురిలో అవమానించడం మానాలని, సిబ్బందికి ఏటా రెండుసార్లయినా శిక్షణ ఇవ్వాలని ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్ విద్యార్థుల ఆత్మహత్యలపై ప్రొఫెసర్ నీరదా రెడ్డి కమిటీ ఏర్పడింది 2001లో. అంతకాలం తర్వాత కూడా ఇవి న్యాయస్థానం చెప్పవలసి రావడం ప్రభుత్వాల వైఫల్యం.

కౌన్సెలర్ నియామకంతోనే పని పూర్తికాదు. పాఠం చెప్పే లెక్చరర్‌కే కౌన్సెలింగ్‌ను అదనపు బాధ్యతగా అప్పగిస్తే, మార్కులు వేసే మనిషి ముందు మనసు విప్పడానికి ఏ విద్యార్థీ సాహసించడు. ప్రాణాపాయ సూచనలున్నప్పుడు తప్ప, చెప్పిన మాట ప్రిన్సిపాల్‌కు చేరదన్న భరోసా ఉన్నప్పుడే కౌన్సెలర్ గది తలుపు ఎవరైనా తడతారు. విశ్వవిద్యాలయాల్లో ఈ బాధ్యత మరింత విస్తరిస్తుంది. తెలుగు మాధ్యమం నుంచి వచ్చి ఇంగ్లిష్ పాఠాల మధ్య తడబడటం, పేరుకుపోయే బ్యాక్‌లాగ్‌లు, 2016లో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల మరణం దేశం ముందుంచిన కులవివక్ష ప్రశ్న, ఇవేవీ ఒక విద్యార్థి మనోధైర్యంతో మాత్రమే తీరేవి కావు.

తల్లిదండ్రులు ఫోన్‌లో మార్కుల కన్నా ముందు నిద్ర గురించి, భోజనం గురించి, స్నేహితుల గురించి అడగాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని సూటిగా, ప్రేమగా అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందన్నది అపోహ. అడగడంవల్ల బిడ్డకు చెప్పుకునే దారి దొరుకుతుంది. అవునన్న జవాబు వస్తే ఒంటరిగా వదలకుండా వెంటనే వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలిమానస్ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ 14416 నంబరులో రాత్రింబవళ్లు, ఉచితంగా, తెలుగులోనూ అందుతుంది. ఆ నంబరు ప్రతి హాస్టల్ గోడ మీద, ప్రతి విద్యార్థి ఫోన్‌లో ఉండాలి.